అద్దె కట్టే పిల్ల

పిల్లలు ఉద్యోగమొచ్చిన ఊళ్ళో ఇల్లు తీసుకున్నామనగానే మనం ఏమేం అడుగుతాం? ఏ ఏరియా, ఎన్నో అంతస్తు, మంచినీళ్ళు ఎలా వస్తాయి, వాచ్‌మన్ ఉన్నాడా, కలిసి ఉండే అమ్మాయిలు ఎలాంటివాళ్ళు. అద్దె ఎంత అని కూడా అడుగుతాం. చెప్పాక "అమ్మో అంతా!" అని గుండెల మీద చెయ్యి వేసుకుంటాం. అక్కడితో అయిపోతుంది. ఆ అద్దె నెలనెలా ఎవరి ఖాతాలోంచి ఓనరుకి వెళ్తోంది, అగ్రిమెంటు మీద ఎవరి పేరుంది అని అడిగిన తల్లిని నేనింతవరకూ చూళ్ళేదు. నన్నడిగితే నీళ్ళ సంగతి కంటే ముందు అడగాల్సింది అదే అంటాను.

హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ ఈ గొడవ లేదు. ఎవరి మంచానికి వాళ్ళు కడతారు. ఎవరైనా కట్టకపోతే హాస్టలావిడ చూసుకుంటుంది. పక్క మంచం అమ్మాయికి సంబంధం లేదు. కానీ హాస్టలు సాంబారు ఎన్నాళ్ళు తింటారు పాపం! ఏడాదో, రెండేళ్ళో అయ్యాక నలుగురు అమ్మాయిలు కలిసి ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు చూసుకుంటారు. మా అమ్మాయీ అదే చేసింది. హైదరాబాద్‌లో, కొండాపూర్ వైపు. అద్దె 28,000, మెయింటెనెన్స్ 2,400. బాత్‌రూమ్ ఉన్న గదిలో ఇద్దరూ తలా 8,000, రెండో గదిలో ఇద్దరూ తలా 6,000. మెయింటెనెన్స్ తలా 600. లెక్క బాగానే కుదుర్చుకున్నారు. బాత్‌రూమ్ ఉన్న గదికి ఎక్కువ ఇవ్వాలన్న ఆలోచన వాళ్ళకే వచ్చినందుకు నేను మెచ్చుకున్నాను కూడా.

ఓనరు గారు రిటైరైన ఉద్యోగి. మర్యాదస్తుడు. ఒకటే షరతు పెట్టారు. "నలుగురూ నాలుగు ముక్కలు పంపితే నాకు కుదరదమ్మా. ఐదో తారీకు లోపల ఒక్కరే మొత్తం పంపండి. అగ్రిమెంటు కూడా ఒక్కరి పేరు మీదే." ఆ పూట మా అమ్మాయి చేతిలో ఆధార్ జిరాక్స్ ఉంది, మిగతా ముగ్గురి దగ్గరా లేదు. అంతే, ఆ కాగితం మీద దీని పేరు ఎక్కింది. పెద్దగా చర్చలేవీ జరగలేదు.

చూడ్డానికి ఇందులో ఏముంది? ముగ్గురూ దీనికి పంపుతారు, ఇది ఓనరుకి పంపుతుంది. ఫోన్లో రెండు నొక్కుల పని. కానీ ఇల్లు నడిపినవాళ్ళకి తెలుసు, ఏ పనైనా చేసే రెండు నిమిషాలు కాదు, గుర్తు పెట్టుకునే ముప్ఫై రోజులు. ఒకమ్మాయికి జీతం నెలాఖరున పడుతుంది. ఇంకొకమ్మాయికి ఏడో తారీకున. ఐదుకల్లా ఓనరుకి వెళ్ళాలి కాబట్టి ఏడో తారీకు అమ్మాయి వాటా ప్రతినెలా మా అమ్మాయే ముందు వేస్తుంది. ఆ అమ్మాయి ఎనిమిదిన పంపితే సరే, పదకొండుకి కూడా పంపకపోతే గుర్తు చెయ్యాలి. గుర్తు చెయ్యడమంటే ఎలా? "అద్దె గుర్తుంది కదా" అని రాసి పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టాలి, లేకపోతే దీనికి డబ్బు పిచ్చి అనుకుంటారు.

ఇక కాగితం మీద పేరుంది కాబట్టి కుళాయి కారినా ఓనరు గారికి ఫోన్ చేసేది ఇదే. కరెంటు బిల్లు కట్టేది ఇదే. అపార్ట్‌మెంటు సంఘం వాళ్ళు చెత్త బయట పెట్టారని తిడితే పడేదీ ఇదే. పెళ్ళి కాకుండానే పెద్దకోడలి పదవి వచ్చింది. మా అత్తగారింట్లో ఆ పదవి చేసినదాన్ని కాబట్టి దాని బరువు నాకు వినగానే అర్థమైంది. "నువ్వు బాధ్యత గల పిల్లవమ్మా" అన్న మాట మన ఆడపిల్లలకి ఎంత ఖరీదు పడుతుందో చెప్పాలంటే పెద్ద కథ.

మా మేనల్లుడు కూడా అక్కడే ఇంకో ముగ్గురు కుర్రాళ్ళతో ఉంటాడు. వాడూ అద్దె వసూలు చేస్తాడు. వాడి పద్ధతి వేరు. రెండో తారీకు పొద్దున గ్రూపులో పేరు పెట్టి "నీది రాలేదు, పంపు" అని రాసేస్తాడు. ఎవరూ ఏమీ అనుకోరు, సాయంత్రం కలిసి బిర్యానీ తింటారు. మా అమ్మాయి అదే మాట రాయడానికి మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపేసిందట. మగపిల్లలందరూ అలా, ఆడపిల్లలందరూ ఇలా అని నేననను. కానీ మొహమాటం అనే చదువు మనం ఎవరికి ఎక్కువ చెప్పించామో మనకి తెలియంది కాదు.

అసలు కథ డిసెంబరులో మొదలైంది. రెండో గది అమ్మాయికి ఉద్యోగం పోయింది. పాపం, ఇంట్లో కూడా చెప్పుకోలేదు. రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని ఇంటర్వ్యూలకి వెళ్ళేదట. ఆ నెలా, తర్వాత నెలా వాటా ఇవ్వలేదు. మా అమ్మాయి అడగలేదు. ఉద్యోగం పోయిన మనిషిని అద్దె ఎలా అడుగుతావమ్మా అంది. నిజమే. రెండు నెలలయ్యాక ఆ అమ్మాయి సామాను సర్దుకుని వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. మూడో నెల ఆ మంచం ఖాళీ. ఆ ఖాళీ మంచం అద్దె ఎవరిది? అదే గదిలో ఉన్న అమ్మాయి "గది నేను ఒక్కదాన్నే కావాలనుకోలేదుగా" అంది. అందులోనూ తప్పు లేదు. అవతలి గది అమ్మాయి "మాకు ఆ గదితో ఏం సంబంధం" అంది. ఓనరు గారికి ఐదో తారీకు మాత్రం ఠంచనుగా వచ్చేసింది. మూడు నెలలకి 19,800 రూపాయలు మా అమ్మాయి ఒక్కదాని ఖాతాలోంచి వెళ్ళాయి.

సంక్రాంతికి సెలవు దొరకలేదని చెప్పింది. సర్లే, ఉద్యోగం అన్నాక తప్పదు అనుకుని అరిసెలు పార్సిలు కట్టి పంపాను. ఉగాదికి వచ్చినప్పుడు మాటల్లో అసలు సంగతి బయటపడింది. సెలవు ఉందట. పండగ రోజుల్లో ప్రైవేటు బస్సు టికెట్టు ఎంత ఉంటుందో మీకు తెలుసు కదా, దానికి డబ్బు లేదు. మమ్మల్ని అడగడం ఇష్టం లేదు.

నాకు కోపం వచ్చింది. ఉద్యోగం పోయిన పిల్ల మీద కాదు. ఆ పిల్లకి ముగ్గురూ కూర్చుని, "ఈ రెండు నెలలూ మేం ముగ్గురం చూసుకుంటాం, నీకు ఉద్యోగం వచ్చాక ఇద్దువుగాని" అని ఉంటే అది నిండు స్నేహం. ఆ పిల్లా తలెత్తుకుని ఉండేది. ఇక్కడ జరిగింది అది కాదు. ఆ సాయం ఎవరు చేస్తున్నారో సాయం పొందిన అమ్మాయికి కూడా సరిగ్గా తెలియదు, అందరూ కలిసి సర్దుకుంటున్నారు అనుకుందట. మిగతా ఇద్దరూ ఎలాగో సర్దుబాటు అవుతోంది అనుకున్నారు. "అవుతోంది" అన్న మాట ఇంట్లో ఎక్కడ విన్నా నేను కొంచెం జాగ్రత్త పడతాను. వంట అవుతోంది, బట్టలు ఉతకడం అవుతోంది, అంటే ఎవరో చేస్తున్నారు అని అర్థం.

మావారు "ఇరవై వేలకి మంచి పాఠం నేర్చుకుంది, చవకే" అన్నారు. నేను ఒప్పుకోలేదు. పాఠం నేర్చుకున్నది ఒకర్తె. మిగిలిన ఇద్దరూ ఏం నేర్చుకున్నట్టు? వేళకి నోరు మూసుకుని కూర్చుంటే ఎవరో ఒకరు కడతారనా?

అప్పుడు మా ఊళ్ళో తెలిసిన లాయరుగారి దగ్గర కూర్చుని విషయం అడిగాను. ఆయన చెప్పినది వినగానే ఇది ప్రతి ఆడపిల్లకీ తెలియాలి అనిపించింది. అగ్రిమెంటు మీద ఒక్కరి పేరే ఉంటే ఓనరు దృష్టిలో అద్దెకున్నది ఆ ఒక్కరే. బాకీ ఉన్నా, గోడ పాడైనా ఆయన అడిగేది ఆ ఒక్కరినే. అడ్వాన్సు తిరిగి ఇచ్చేది కూడా ఆ ఒక్కరికే, కాబట్టి మిగతావాళ్ళ అడ్వాన్సుకీ కాగితం లేదు. మా అమ్మాయికే కాదు, ఆ ముగ్గురికీ నష్టమే. నలుగురి పేర్లూ ఉంటే అప్పుడు కూడా ఓనరు మొత్తం అద్దె ఎవరో ఒకరి దగ్గర వసూలు చేసుకోవచ్చట. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 43వ సెక్షన్ అట. నేను "మరి లాభమేముంది" అన్నాను. ఉందమ్మా అన్నారాయన. అలా కట్టిన మనిషి మిగతావాళ్ళ దగ్గర వాళ్ళ వాటా రాబట్టుకునే హక్కు కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఒకరు ఎగ్గొడితే ఆ నష్టాన్ని మిగిలినవాళ్ళు సమానంగా భరించాలని కూడా అందులోనే ఉంది. వేరే ఒప్పందం ఏదీ రాసుకోకపోతే ఇదే లెక్క. చూశారా, ఖాళీ మంచం అద్దె ఎవరిది అన్న ప్రశ్నకి నూట యాభై ఏళ్ళ కిందటే జవాబు రాసి పెట్టారు. మన పిల్లలు గ్రూపులో మూడు రోజులు మౌనం పాటించారు.

ఈ అగ్రిమెంట్లు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో కూడా చెప్పారు. ఏడాది దాటిన అద్దె ఒప్పందం రిజిస్ట్రేషన్ చెయ్యాలని 1908 నాటి చట్టంలో రాశారు. ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు అలవాటైంది. కాబట్టి మొదట్లో తొందరలో ఒక్క పేరుతో రాసేసుకున్నా, పదకొండు నెలలకి ఆ కాగితం మళ్ళీ రాసుకునేటప్పుడు అందరి పేర్లూ పెట్టించుకోవచ్చు.

పన్నుల సంగతి కూడా ఒక్కమాట చెప్తాను, ఎక్కువ చెబితే నాకే తికమక. పాత పన్ను విధానంలో ఉండి జీతంలో హెచ్.ఆర్.ఏ. వచ్చే పిల్లలు తాము కట్టే అద్దె చూపించి పన్ను తగ్గించుకోవచ్చు. కట్టేదంతా ఒకరి ఖాతాలోంచి, రసీదంతా ఒకరి పేరు మీద అయితే మిగతావాళ్ళు ఏం చూపిస్తారు? పైగా ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. 28,000 లెక్కన మా అమ్మాయి పేరు మీద ఏడాదికి 3,36,000 అవుతుంది. నలుగురూ విడివిడిగా రసీదు తీసుకుంటే 8,000 కట్టే అమ్మాయికి కూడా 96,000 దాటదు. ఇంకొకటి, ఓనరు విదేశాల్లో స్థిరపడ్డవాళ్ళయితే అద్దె కట్టే మనిషే అందులోంచి పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. హైదరాబాద్‌లో అలాంటి ఫ్లాట్లు బోలెడు. ఆ బాధ్యతా ఆ "అద్దె కట్టే పిల్ల" నెత్తినే పడుతుంది. దానికా సంగతి తెలియను కూడా తెలియదు.

అయితే ఎవరి వాటా వాళ్ళే ఓనరుకి పంపేస్తే సరిపోదా అనుకుంటున్నారు కదా. నేనూ అదే అన్నాను, మా వదిన దగ్గర. ఆవిడకి కూకట్‌పల్లిలో ఇల్లుంది. పై పోర్షన్‌లో నర్సులుగా చేసే అమ్మాయిలు ముగ్గురుంటారు. ఆవిడ నవ్వి, "నీ కూతురి బాధ నువ్వు చెప్పావు, నా బాధ విను" అంది. ముగ్గురూ మూడు తారీకుల్లో పంపుతారు. ఒకమ్మాయి రెండు విడతల్లో పంపుతుంది. ఒకసారి వాళ్ళ నాన్న ఖాతాలోంచి వస్తుంది, పేరు చూస్తే ఎవరో తెలియదు. నెలాఖరుకి ఎవరిది ఎంత వచ్చిందో క్యాలెండరు మీద రాసుకుని కూర్చుంటుంది. ఒకరిది తగ్గితే మిగతా ఇద్దరూ "మాది మేమిచ్చేశాం పిన్నిగారూ" అంటారు. "ఇల్లు ముక్కలుగా ఇవ్వలేదు కదా నేను, అద్దె ముక్కలుగా ఎందుకు తీసుకోవాలి?" అంది వదిన. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేకపోయింది. అంటే మా అమ్మాయి చేసే చాకిరీని అక్కడ మా వదిన చేస్తోంది. పని ఎక్కడికీ పోలేదు, ఒక ఆడమనిషి నెత్తి మీంచి ఇంకో ఆడమనిషి నెత్తి మీదకి మారింది.

కాబట్టి ఓనరుకి ఒకే మొత్తంగా వెళ్ళడమే మంచిది, అది నేనిప్పుడు ఒప్పుకుంటాను. తగువు అంతా ఆ మొత్తం పోగయ్యే దగ్గరే.

దీనికి మనకి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. చీటీలు వేసినవాళ్ళం, ద్వాక్రా సంఘాలు నడిపినవాళ్ళం. చీటీలో పాటరోజుకి ముందే అందరి డబ్బూ రావాలి. పాటరోజున "నాకు ఏడున జీతం" అంటే చెల్లదు. సంఘంలో డబ్బు బ్యాంకులో ఉంటే పద్దు పుస్తకం ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఒక సభ్యురాలు వాయిదా కట్టలేకపోతే అందరూ కూర్చుని మాట్లాడతారు. కొన్నిసార్లు గట్టిగానే మాట్లాడతారు, అది వేరే సంగతి. కానీ లీడరమ్మ ఒక్కర్తె గాజులు తాకట్టు పెట్టి కట్టదు. అన్నిటికంటే నాకు నచ్చేది, చీటీ నడిపే మనిషికి కమీషను ఉండడం. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టంలోనే ఆ కమీషనుకి అయిదు శాతం హద్దు పెట్టారు. 2019లో దాన్ని ఏడు చేశారు. అందరి దగ్గరా వసూలు చెయ్యడం, రానిదాన్ని రాబట్టడం ఒక పని, ఆ పనికి ఒక విలువ ఉంది అని చట్టమే ఒప్పుకుంది. ఇంట్లో చేస్తే మాత్రం అది మంచితనం.

మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. మొదట "అమ్మా, ఫ్రెండ్స్ దగ్గర ఇవన్నీ ఏంటి" అంది. నేను వదల్లేదు. ముందు ఆ 19,800 సంగతి తేల్చమన్నాను. తలా 6,600. ఆ ముగ్గురూ భరించాలి, అందులో తనూ ఒకతె. గ్రూపులో రాయకుండా ఆదివారం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు టీ పెట్టి నోటితో చెప్పమన్నాను. ఒకమ్మాయి అప్పటికప్పుడు ఫోన్‌పే చేసిందట, "నువ్వొక్కదానివే కట్టావని నాకు తెలియదే" అని. రెండో అమ్మాయి రెండు వారాలు ముభావంగా ఉంది. తర్వాత రెండు విడతల్లో ఇచ్చింది. స్నేహం చెడలేదు. కొంచెం పలచబడింది అంటే నేను కాదనను. కానీ లోపల మండుతూ పైకి నవ్వు బొమ్మలు పెట్టే స్నేహం అంతకంటే గట్టిదని కూడా నేననుకోను.

కొత్త అమ్మాయి వచ్చాక అగ్రిమెంటు నలుగురి పేర్లతో రాయించుకున్నారు. ఓనరు గారు మొదట గునిశారు. ఎవరైనా ఎగ్గొడితే మీరు నలుగురినీ అడగొచ్చు అంకుల్ అని చెబితే మెత్తబడ్డారు. రసీదులు నలుగురికీ విడిగా ఇస్తానన్నారు. ఆయనకి పంపాల్సింది ఐదున కాబట్టి వీళ్ళలో వీళ్ళు మూడో తారీకు అని పెట్టుకున్నారు. ఏడో తారీకు జీతం అమ్మాయి ఒక నెల కొంచెం కష్టపడి ముందు నెల జీతంలోంచే పక్కన పెట్టింది, ఇక ఆ బాధ లేదు. ఒక్కసారి మాత్రం తలా 2,000 అదనంగా వేసి 8,000 విడిగా ఉంచారు. ఎవరికైనా ఉద్యోగం పోయినా, జబ్బు చేసినా ఒక నెల అద్దె వాటాకి అది సరిపోతుంది. వాడుకుంటే తిరిగి పోయాలి. వెళ్ళిపోయేవాళ్ళు నెల ముందు చెప్పాలి, లేదా తన మంచానికి మనిషిని చూపించాలి. ఖాళీ మంచం అద్దె మాత్రం ఉన్నవాళ్ళందరిదీ, ఏ గదైనా సరే.

వసూలు పని నెలకొకరు అన్నారు కానీ ఓనరు గారు ప్రతినెలా కొత్త పేరు నుంచి డబ్బు వస్తే కష్టమన్నారు. అందుకని మూడు నెలలకొకరు. పదకొండు నెలలు కాబట్టి నాలుగో పిల్లకి రెండు నెలలే వస్తాయి, దాని అదృష్టం. అదనంగా ఉంచిన డబ్బు వసూలు చేసే అమ్మాయి దగ్గర కాకుండా ఇంకొకరి దగ్గర ఉంటుంది.

నా కమీషను ఆలోచన మాత్రం నెగ్గలేదు. వసూలు చేసే అమ్మాయికి మిగతా ముగ్గురూ తలా వంద ఇవ్వమన్నాను. నలుగురూ పడీ పడీ నవ్వారట. దాని బదులు ఆ మూడు నెలలూ బాత్‌రూములు కడిగే వంతు ఆ అమ్మాయికి ఉండదని పెట్టుకున్నారు. నాకైతే డబ్బే నయం అనిపిస్తుంది, లెక్కలో కనిపిస్తుంది కాబట్టి. అయినా అది వాళ్ళ ఇల్లు.

పోయిన నెల ఆ ఊరెళ్ళిపోయిన అమ్మాయి నుంచి 3,000 వచ్చాయి. వాళ్ళ ఊరి దగ్గరే చిన్న ఉద్యోగం దొరికిందట, మిగతాది మెల్లగా పంపుతానని రాసింది. మా అమ్మాయి ఆ పూటే వెయ్యి తను ఉంచుకుని, మిగతా ఇద్దరికీ తలా వెయ్యి పంపేసింది.